చీటీలోని అంకె

మీటరు మీద 19.17 పడింది. ఆమె చెవి మీది పెన్సిలు తీసి ఆ అంకె పుస్తకంలో రాసుకుంది, పక్కన పది గంటలు అని వేసింది, పెన్సిలు మళ్ళీ చెవి మీద పెట్టుకుంది. చెవి మీద పెన్సిలు పెట్టుకోవడం కూడా నా దగ్గరే నేర్చుకుంది, అనుకున్నాడు అతను, గడ్డి కూరిన చెక్కపెట్టె మీద కూర్చుని. ఇక గంట సేపు చేసేదేమీ లేదు. కొలిమి బీరువా అంత ఉంది. లోపల ముగ్గురు మనుషులు వారం పాటు ఊదిన గాజు సీసాలు, గొట్టాలు, గరాటాలు ఉన్నాయి. వాటిని ఒక వేడికి తెచ్చి మెల్లిగా చల్లార్చకపోతే తర్వాత ఎప్పుడో, ఎవరి చేతిలోనో పగులుతాయి. దానికి నాలుగువేల రెండువందల వాట్ల తీగచుట్ట కావాలన్నారు గాజు షెడ్డు పెద్దాయన. తీగచుట్టలు చుట్టేది వీళ్ళ షాపు. షాపు అతనిది. చుట్ట చుట్టింది ఆమె, అతని భార్య. చుట్టితే చుట్టనీ, ఇవాళైతే చీటీ కూడా ఆమే రాసింది, అదిగో కరెంటు ప్యానెలు తలుపు మీద, ఆంపుల మీటరు కింద, నాలుగు మడతలు పెట్టి నల్ల టేపుతో అంటించి ఉంది, అందులో ఏముందో తనకి తెలుసు, పంతొమ్మిది పాయింట్ ఒకటి ఏడు, అంతకంటే ఏముంటుంది.

చీటీ అతని సొంత పద్ధతి. పంతొమ్మిదేళ్ళ నుంచి స్విచ్చి వేయకముందే ఒక కాగితం మీద అంకె రాసి, మడిచి, అంటించి, గంట అయ్యాక పార్టీ చేతే, అంటే పని చేయించుకున్నవాళ్ళ చేతే, విప్పించేవాడు. గంట తర్వాత మీటరు ఏం చూపిస్తుందో చీటీలో అదే ఉండేది. విప్పినవాళ్ళు మీటరు చూసి, చీటీ చూసి, అతన్ని చూసేవాళ్ళు. ఆ మూడో చూపు కోసమే అదంతా. చుట్టుపక్కల అందరూ చీటీ మాస్టారు అనేవాళ్ళు. పిల్లలు లేని ఇంట్లో ఆ పేరు ఒక పిల్లాడిలా తిరిగేది. ఇవాళ పొద్దున్న గాజు పెద్దాయన, తాడు కట్టిన కళ్ళజోడు గుండెల మీద ఆడిస్తూ, “ఈసారి చీటీ మేడమ్ గారే రాయాలి. చుట్టింది ఆవిడ, చెప్పేది మీరా? ఇదేం న్యాయం మాస్టారూ?” అన్నాడు. తను నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు? ఆమె వద్దంటున్నా “రాయనివ్వండి, దానికేముంది” అన్నాడు. చీటీ రాసినవాళ్ళే పరీక్ష కాగితం మీద సంతకం పెట్టాలని కూడా తన రూలే. ఆ కాగితం ప్యానెలు తలుపు లోపల అతికిస్తారు, కొలిమి ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. వెనక షెడ్డులో ఇంకో మూడు కొలుములున్నాయి, ఈ సంతకం ఎవరిదైతే అవీ వాళ్ళ చేతికే, అని పెద్దాయన పొద్దున్నే చెప్పేశాడు. అంటే ఈ గంట అయ్యేసరికి షాపు ఎవరిదో తేలుతుంది, బోర్డు మీద పేరు ఎవరిదైతేనేం.

18.98. పదీ పది. ఆమె రాసుకుంది. కనుబొమలు కొంచెమైనా కదల్లేదు. చూశావా, పడుతోంది, అని మనసులోనే అన్నాడు. ఆమెతో అన్నట్టా, తనతో అన్నట్టా, తెలీదు. పడుతుంది, ఇంకా పడుతుంది. స్టెబిలైజరు పక్కన గుంయ్ అంటూ ఓల్టుని రెండువందల ముప్ఫై దగ్గర పట్టుకుని కూర్చుంది కాబట్టి పడేది ఓల్టు కాదు. తీగ వేడెక్కేకొద్దీ కరెంటుకి అడ్డు పెరుగుతుంది, అంటే ఓములు పెరుగుతాయి, ఆంపులు తగ్గుతాయి. చల్లగా ఉన్నప్పుడు పన్నెండు ఓములున్న తీగ ఎర్రబడేసరికి పన్నెండున్నర దాటుతుంది. నూటికి అయిదు. ఈ అయిదే అతను ఆమెకి చెప్పనిది. మిగతా అంతా చెప్పాడు. ఓల్టుని ఆంపుతో భాగిస్తే ఓములు, ఓల్టుని ఆంపుతో హెచ్చవేస్తే వాట్లు, తీగ సన్నగా ఉంటే అడ్డు ఎక్కువ, పొడుగైతే ఎక్కువ, చుట్టకీ చుట్టకీ మధ్య ఎంత ఎడం ఉండాలి, కొసలు ఎలా మెలిపెట్టాలి, అన్నీ. ఇదొక్కటి దాచుకున్నాడు. తనకి పని నేర్పిన ముసలి మేస్త్రీ కూడా ఏడేళ్ళు దాచి, చివరి రోజు, గేటు దాకా వచ్చి చెవిలో చెప్పాడు. “నూటికి అయిదు కలుపుకో. ఎవరికీ చెప్పకు. అన్నీ చెప్పేస్తే ఇక నిన్ను అడిగేదెవడు?” అదేమీ రహస్యం కాదు, తీగ కంపెనీవాళ్ళు ఇచ్చే పుస్తకంలో పట్టిక వేసి మరీ ఉంటుంది. అందుకే పెళ్ళయిన రెండో ఏడు, ఆమె ఆ పుస్తకం తిరగేయడం మొదలుపెట్టిన వారంలో, ఆ పట్టిక ఉన్న కాగితం చింపేశాడు. పారేయలేదు. పర్సులో పెట్టుకున్నాడు. పర్సు మూడుసార్లు మారింది, కాగితం మారలేదు, మడతల దగ్గర చిరుగులు పట్టి ఇప్పుడూ వెనక జేబులో ఉంది. దాని మీదే కూర్చున్నాడు.

అరచేయి. ఎందుకు గుర్తొస్తుందో ఇప్పుడు అది. షాపు పక్కన బట్టలు కుట్టే దుకాణంలో పనిచేసేది ఆమె. ఒక మధ్యాహ్నం ఇస్త్రీపెట్టె పట్టుకొచ్చి బల్ల మీద ఠప్పున పెట్టి, “ఇది వేడెక్కదు, నలుగురం కలిసి దీని మీద కూర్చుంటే తప్ప ముడత పోదు” అంది. పలక మీద ఏడువందల యాభై వాట్లని ఉంది. మీటరు పెట్టి చూస్తే రెండు ఆంపులే లాగుతోంది. లోపల ఎవడో వేరే చుట్ట వేసి అమ్మాడు. “రెండువందల ముప్ఫైని రెండుతో హెచ్చవేస్తే నాలుగువందల అరవై వాట్లు. ఏడువందల యాభై అని రాసుకున్నంత మాత్రాన అయిపోదు” అన్నాడు. ఆమె పెట్టెని వదిలేసి, లెక్క అడిగింది. ఎలా తెలిసింది? విప్పకుండానే లోపల ఏముందో ఎలా తెలిసింది? కాగితం కనిపించలేదు, లేదా వెతకలేదు, ఆమె అరచేతిలో పెన్నుతో ఒక త్రికోణం గీశాడు, పైన ఓల్టు, కింద ఎడం పక్క ఆంపు, కుడి పక్క ఓము. “నీకు ఏది కావాలో దాన్ని వేలితో మూసెయ్. మిగిలిన రెండూ అదెంతో చెబుతాయి.” ఆమె రెండో చేతి బొటనవేలితో ఓముని మూసింది. “నూట పదిహేను” అంది, అతను నోరు తెరిచేలోపల. అప్పుడు ఎంత సంతోషపడ్డాడు! అంత తొందరగా లెక్క కట్టే పిల్ల తన దగ్గరకి వచ్చిందని ఆ రాత్రంతా తనలో తనే నవ్వుకున్నాడు. అదే తొందర ఇప్పుడు ముల్లులా గుచ్చుకుంటోంది. అదే బొటనవేలు, అదే మనిషి, మారిందేమిటి? పార్టీలు ఫోన్ చేసి “మేడమ్ ఉన్నారా?” అంటారు, అంతే మారింది. “నేనే మాట్లాడుతున్నాను, చెప్పండి” అంటే “ఫర్లేదండీ, మేడమ్ వచ్చాక చేస్తాం” అంటారు. ఫర్లేదట. ఎవరికి ఫర్లేదు?

18.77. ఆమె కొలిమి తలుపు అంచు వెంబడి అరచెయ్యి ఆనించకుండా నడిపించి వేడి ఎక్కడ కారుతోందో చూసింది. ఆ చేతినే చూస్తున్నాడు. ప్యానెలు తయారుచేసే అతనితో ఫోన్లో మాట్లాడేటప్పుడు ఆ చేత్తోనే గాలిలో గీతలు గీస్తుంది, అవతలివాడికి కనిపిస్తున్నట్టు. పోయిన నెల ఒకరోజు వంటింట్లోంచి నవ్వు వినిపించింది. “అంత ఆంపుకి ఆ స్విచ్చి పెడితే, అది స్విచ్చి కాదు, అగ్గిపెట్టె!” అని ఆమె అంటోంది, అవతల వాడూ నవ్వుతున్నట్టున్నాడు, మళ్ళీ ఆమె నవ్వింది. ఫోను పెట్టేశాక, ఆమె స్నానానికి వెళ్ళాక, తీసి చూశాడు. పద్నాలుగు నిమిషాలు. సిగ్గులేదా అనుకున్నాడు, మళ్ళీ చూశాడు, పద్నాలుగే. తనతో ఆమె పద్నాలుగు నిమిషాలు ఏ విషయం మీదైనా మాట్లాడి ఎన్నాళ్ళయింది? అలాంటిదేమీ లేదని తెలుసు. ఆ ప్యానెలతనికి బట్టతల, నలుగురు ఆడపిల్లలు, మాట్లాడితే నోట్లోంచి తుంపర్లు. ఏదైనా ఉంటేనే నయమనిపించింది ఒక క్షణం, కొట్లాడడానికి వీలుండేది. అంకెల గురించి నవ్వుకుంటే ఏమని కొట్లాడతాడు? అంకెలు మన ఇద్దరివీ, వాడికెందుకు చెప్పావు అంటాడా?

గాజు పెద్దాయన టీ తెచ్చాడు, ఒక చేత్తో రెండు గ్లాసులు, ఇంకో చేత్తో ఒకటి. “ఏం మాస్టారూ, పెళ్ళిచూపుల్లో పెద్దమనిషిలా కూర్చున్నారు? ఇవాళ పని మేడమ్‌ది, టీ మీది!” అని తన జోకుకి తనే ఊగిపోయాడు. అతను గ్లాసు అందుకున్నాడు. ఆమె అటు తిరిగే “ఆయనకి చక్కెర వద్దండీ” అంది. “వేసేశానమ్మా.” “అయితే ఆ గ్లాసు నాకివ్వండి, నాది ఆయనకివ్వండి.” గ్లాసులు మారాయి. తన గ్లాసు కూడా ఆమే నిర్ణయిస్తుంది. అతను తాగాడు. చక్కెర లేదు. మంచిదే, డాక్టరు చెప్పిందే, అయినా ఆ క్షణంలో ప్రపంచంలోని చక్కెరంతా ఆమె గ్లాసులోనే ఉన్నట్టనిపించింది.

18.55. పదిన్నర. సగం అయింది. పంతొమ్మిది పాయింట్ ఒకటి ఏడు ఎక్కడ, ఇదెక్కడ. పొద్దున్న తను చూశాడు. చూడకూడదనే అనుకున్నాడు, కాళ్ళు అవే నడిచాయి. ఆమె టేపు డబ్బా అట్ట మీద లెక్క వేస్తోంది, వెనక నుంచి తొంగి చూశాడు. 230, కింద గీత, 12.0. పక్కన 19.17. అంతే, అదే, చల్లని తీగ లెక్క. లోపల ఏదో వెచ్చగా కదిలింది, అది జాలి కాదు. తప్పుకుని బయటికి వెళ్ళి, మొహం కడుక్కుని, తిరిగి వచ్చేసరికి చీటీ అంటించి ఉంది. ఇంకా చెప్పొచ్చు. ఇంకా అరగంట ఉంది. పక్కకి పిలిచి “ఆ చీటీ మార్చు, నూటికి అయిదు కలుపు” అంటే అయిపోతుంది. అప్పుడామె “ఎందుకు?” అంటుంది. ఎందుకో చెప్పాలి. చెబితే “మరి ఇరవై రెండేళ్ళు ఎందుకు చెప్పలేదు?” అంటుంది. దానికేం చెబుతాడు? వద్దు. తనే నేర్చుకోనీ. అందరూ అలాగే నేర్చుకున్నారు. గంట అయ్యాక పెద్దాయన చీటీ విప్పుతాడు, మీటరు చూస్తాడు, చీటీ చూస్తాడు, అప్పుడు తను లేచి, మెల్లిగా, పక్కకి వచ్చి, ఆమె భుజం మీద చెయ్యి వేసి, “పోనీలే, ఎవరికైనా జరుగుతుంది” అంటాడు. ఆ మాటని నాలుగు రకాలుగా అని చూసుకున్నాడు. ‘పోనీలే’ దగ్గర కొంచెం ఆగాలి. ఆగితేనే బాగుంటుంది.

18.40. కానీ ఒక చిక్కుంది, దాన్ని పొద్దుటి నుంచీ పక్కకి తోస్తున్నాడు, అది మళ్ళీ మళ్ళీ వచ్చి ఒళ్ళో కూర్చుంటోంది. పెద్దాయన అడిగింది నాలుగువేల రెండువందల వాట్లు. చల్లని తీగ లెక్కే తెలిసిన మనిషైతే పన్నెండు పాయింట్ ఆరు ఓములకి చుట్టాలి. ఆమె చుట్ట పన్నెండే చూపించింది. పొద్దున్న మీటరు మీద తనే చూశాడు, చూసి, తీగ పొట్టిగా కోసింది, అనుకున్నాడు, తొందరపడింది, మేడమ్ మేడమ్ అని అందరూ నెత్తికెక్కించుకుంటే చెయ్యి ఇలాగే జారుతుంది. పొట్టి తీగ ఒక తప్పు. వేడికి పెరుగుతుందని తెలియకపోవడం రెండో తప్పు. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, కొలిమికి సరిగ్గా నాలుగువేల రెండువందలే వస్తాయి. అదృష్టమంటే అది. తను తప్పు చేస్తే తప్పే మిగులుతుంది, ఆమె రెండు చేస్తే ఒప్పు అవుతుంది. కొలిమి ఆమెని క్షమించినా చీటీ క్షమించదులే అని సర్దుకున్నాడు. సర్దుకున్నాడు గానీ, పొట్టిగా కోసింది అన్న మాట లోపల ఎక్కడో కుదురుగా నిలబడడం లేదు. ఆమె బట్టలు కుట్టే దుకాణం నుంచి వచ్చింది. అయిదేళ్ళు అక్కడ కత్తెర పట్టింది. రెండుసార్లు కొలవకుండా దేనికీ కత్తెర పెట్టదు, ఇంట్లో నూనెగుడ్డ చింపాలన్నా జానతో కొలుస్తుంది. ఇరవై రెండేళ్ళలో ఆమె పొట్టిగా కోసిన తీగ ఒక్కటి చూపించు. ఒక్కటి. వెతికాడు. షాపులో బల్ల కింద తుక్కు డబ్బా గుర్తొచ్చింది, అందులో పొట్టిగా కోసి పారేసిన తీగలున్నాయి, అన్నీ తన చేతివే.

టీ గ్లాసు చెక్క మీద ఠక్కున పెట్టాడు. ఆమె తిరిగి చూసింది. “ఏమైంది?” “ఏం లేదు.” “నీళ్ళు కావాలా?” “వద్దు.” ఇంకొంచెం సేపు చూసి అటు తిరిగింది. 18.30. పదకొండుకి పది నిమిషాలు. మీటరు ఇక పెద్దగా కదలదు. ఇప్పుడు అతనికి ఒకటే కోరిక, గంట నుంచీ ఉన్నదే, కానీ ఇప్పుడు దానికి వేరే వేషం లేదు. ఆమె తప్పు రాసి ఉండాలి. పార్టీ కోసం కాదు, పేరు కోసం కూడా కాదు. ఆమె ఒప్పు రాసి ఉంటే, పోయిన నెల సంగతి, పోయిన ఏడు సంగతి, అంతకు ముందు సంగతి, అన్నీ తిరగరాయాలి. ప్రతిసారీ తను చీటీ విప్పించినప్పుడు పార్టీ వెనక నిలబడి అందరికంటే ముందు చప్పట్లు కొట్టేది ఆమె. “అబ్బ, ఎలా చెబుతారండీ!” అనేది. ఆ మాట తెలియక అంటే ఒక రకం. తెలిసి అంటే ఇంకో రకం.

పదకొండు. 18.25. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు, గోటితో నల్ల టేపు ఊడదీశాడు, మడతలు విప్పడానికి ఆయనకి పట్టిన సేపట్లో షెడ్డు చివర ఎవరో ఊదుతున్న గాజు గొట్టం ఒక బుడగ అయింది. “పద్దెనిమిది పాయింట్ రెండు అయిదు” అని చదివాడు పెద్దాయన. మీటరు చూశాడు. చీటీ చూశాడు. ఆమెని చూశాడు. “నాలుగువేల రెండువందల వాట్లు అని కింద కూడా రాసిందండీ తల్లి! మాస్టారూ, ఇక మీరు నిజంగానే టీ తాగండి!” ఊదేవాళ్ళు ఊదడం ఆపి ఇటు చూశారు. చప్పట్లు కొట్టడం ఈసారి అతని వంతు. కొట్టాడు. అందరికంటే ముందు కాదు.

పెద్దాయన సీసాలవైపు వెళ్ళాక, టేపు డబ్బా అట్ట కింద పడి ఉంటే తీశాడు. 19.17 ఉంది. తను చూసింది నిజమే. దాని కింద, తను మొహం కడుక్కోవడానికి వెళ్ళాక వేసిన లెక్క ఇంకో వరస ఉంది. 12.0 మీద నూటికి అయిదు, 12.6. 230 కింద 12.6. 18.25.

“ఎప్పటి నుంచి?” అన్నాడు.

“మూడో ఏడు నుంచి” అంది ఆమె, మీటరు తీగలు చుట్టుకుంటూ. “పుస్తకంలో పద్నాలుగో పేజీ తర్వాత పదిహేడు వచ్చింది. మీరు చింపారంటే అక్కడేదో ఉందన్నమాటేగా? మీ పాత చీటీలన్నీ బొత్తాల డబ్బాలో దాచాను. ఓల్టు ఉంది, ఆంపు ఉంది. నేను కొలిచిన చల్లని ఓములూ ఉన్నాయి. భాగించి చూస్తే ప్రతి చీటీలోనూ ఓములు నూటికి అయిదు ఎక్కువ.”

“అడగొచ్చుగా?”

“అడిగితే చెప్పేవారా?”

అతను అట్టని బోర్లా తిప్పాడు.

“చీటీ విప్పినప్పుడు మీ మొహం బాగుంటుంది” అంది ఆమె. “నేను కూడా చెప్పేస్తే, ఇక అది ఎందుకు విప్పుతారు? ఇవాళ కూడా నేను రాయనన్నాను, మీరే ‘దానికేముంది’ అన్నారు.” ఇంకేదో అనబోయి, తీగ ముడిపడితే అది విప్పుకోవడంలో పడింది. “పోనీలెండి” అంది, ముడి గురించో, దేని గురించో.

పోనీలెండి. ఎక్కడా ఆగకుండా, ఒక్క ఊపులో అంది. ఎంత బాగా అంది. అందుకు కూడా ఆమె మీద మండింది. ఇంత జరిగాక ఇది చల్లారుతుందనుకున్నాడు, లేదు, ఎక్కువైంది. ఇప్పుడు ఇవాళ్టి చీటీ మీద కాదు, పంతొమ్మిదేళ్ళు వెనక నిలబడి అన్నీ తెలిసి చప్పట్లు కొట్టిన మనిషి మీద. తను దాచింది ఒక కాగితం. ఆమె దాచింది తనకి తెలుసన్న సంగతి. దాచడంలో కూడా ఆమె చెయ్యే పైన ఉంది.

ఆమె పరీక్ష కాగితం ప్యానెలు తలుపు మీద ఆనించి, పెన్ను కోసం చెయ్యి చాచింది. జేబులోంచి తీసి ఇచ్చాడు. పరీక్షించినవారు అన్న చోట ఆమె సంతకం పెట్టింది. గీత పొడుగ్గా ఉంది, ఆమె పేరు అందులో మూడో వంతు కూడా పట్టలేదు, మిగతా గీతంతా ఖాళీగా ఉండిపోయింది. కాగితం అతని వైపు తిప్పింది. కింద, సాక్షి అన్న చోట, వేలు పెట్టి చూపించింది. పంతొమ్మిదేళ్ళ నుంచి ఆ చోట ఆమె పెట్టేది. ఆ కాగితాలు అచ్చు వేయించింది తనే, ఏ గీత ఎంత ఉండాలో అచ్చువాడి పక్కన కూర్చుని చెప్పింది తనే. అతని సంతకం పెద్దది, మొదట ఒక సున్నా చుట్టి, చివర ఇంకో సున్నా చుట్టి, కింద గీత లాగాలి. పెన్ను ఆనించాడు. మొదటి సున్నా దగ్గరే సగం చోటు అయిపోయింది. ఆగి, ఆ కొంచెం గీతని చూశాడు, రెండు వేళ్ళ వెడల్పు ఉంటుందేమో. ఇందులో ఇన్నాళ్ళూ ఎలా పట్టింది ఈమె, అనుకుని, చివరి సున్నా మానేసి, అక్షరాలు దగ్గర దగ్గరగా పెట్టి రాయడం మొదలుపెట్టాడు.